తోక ఓడ

పక్క గదిలో నాన్న కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వంటింటి బల్ల దగ్గర అక్క, చెల్లెలు, మధ్యలో చెల్లెలు రాసిన కంప్యూటర్ ఆట కాగితాలు.

"సంతకం సంగతి తర్వాత. ముందు ఇది చెప్పు. నలభై వేలమంది సైనికులు ఆ గ్రహం మీద ఆరు నెలలు ఏం తాగి బతికారే?"

"అక్కా, ఇది ఆట."

"ఆటైతే అట్ట మీద 'నిజమైన సైన్యాధికారి సరిచూసిన అంతరిక్ష యుద్ధం' అని వేసుకోవడం దేనికి? నా పేరు దేనికి?"

"నువ్వు నిజమైన అధికారివి కాబట్టి. సరే, నీళ్లు రాసుకున్నా. ఇంకా?"

"ఓడలు బస్టాపులో బస్సుల్లా గభాల్న ఆగిపోతున్నాయి. బయల్దేరడానికి ఎంత ఇంధనమో, అక్కడ ఆగడానికీ అంత కావాలి. నేల విడిచి సాము అంటే ఇదే."

"అంతరిక్షంలో సాము నేల విడిచే చేస్తారక్కా."

"నవ్వకు. రాళ్ల చాటున దాక్కున్నారట! అంత వేడి ఇంజను, అంత చీకట్లో. అక్కడికి వెళ్లేటప్పుడే అందరికీ కనిపిస్తారు. ఇక ఎవరి నుంచి దాక్కున్నట్టు?"

"ఇవన్నీ చెప్తావనే కదా నీకు చూపించింది."

"నాకేం తెలుసులే. యుద్ధమంటే నువ్వే. నిన్న మెట్ల మీద నాన్న ఎదురింటాయనతో అంటున్నాడు, 'మా చిన్నది యుద్ధం రాసింది, రోజూ ఆడుతున్నా' అని. నేను పక్కనే ఉన్నా, చెట్టంత మనిషిని."

"అక్కా, నాన్న ఏదో..."

"నేను సైన్యంలో చేరి పద్నాలుగేళ్లే! పద్నాలుగేళ్లలో ఒక్కసారి అడిగాడా, అక్కడ నువ్వేం చేస్తావమ్మా అని? సెలవు మీద వచ్చి మూడు రోజులైంది. 'తిన్నావా, పడుకున్నావా', అంతే. స్నానం చేయడం, నీ ఆట ముందు కూర్చోవడం."

"కుళ్లుగా ఉందా?"

"ఉంది. ఎందుకుండదు? మంచు కొండల్లో లారీల బారు నడిపించినదాన్ని నేను. కుర్చీలో కూర్చుని నలభై వేలమందిని చంపేసి వీరనారివి నువ్వు!"

"సర్లే, ఆ పేజీ తిప్పెయ్. అందులో ఏం లే..."

"ఆగాగు. ఇదేంటి? సరుకుల ఓడ. కాపలా లేదు, తుపాకీ లేదు. శత్రువుల మధ్య నుంచి వెళ్తుంది, ప్రతిసారీ క్షేమంగా తిరిగొస్తుంది?"

"అది వదిలెయ్."

"ఎందుకు వదలాలి? నా పనే ఇది! మా సరుకుల దళాన్ని ముందు వరసవాళ్లు 'తోక' అని ఎగతాళి చేస్తారు. శత్రువు మొదట కొట్టేది ఆ తోకనే. నీళ్లూ మందులూ ఆగిపోతే తల దానంతటదే వాలిపోతుంది. పదిసార్లు వెళ్తే నాలుగుసార్లయినా ఈ ఓడ పేలాలి."

"మిగతావన్నీ మారుస్తా. ఇది మాత్రం కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"కుదరదంతే."

"నీళ్లంటే సరే అన్నావు, ఇంధనమంటే సరే అన్నావు. నా పని దగ్గరికొచ్చేసరికి కుదరదా? అంత తేలికా? తోక కాబట్టి దాన్నెవరూ పట్టించుకోరనా?"

"అయ్యో, కాదక్కా."

"అయితే విను. అది పేలేదాకా సంతకం పెట్టను. నా పేరూ వద్దు, నీ ఆటా వద్దు."

"పేలేది."

"ఏంటి?"

"మొదట్లో పేలేది. నువ్వన్నట్టే, పదికి నాలుగుసార్లు."

"మరి మార్చమన్న మేధావి ఎవరు? మీ ఆఫీసువాళ్లా?"

"మెల్లగా. నాన్నకి వినిపిస్తుంది."

"వినిపించనీ! విని ఏం చేస్తాడు, నీ యుద్ధం ఆపుకుని వస్తాడా?"

"నా యుద్ధం ఆయన ఒక్కటి కూడా ఆడలేదు."

"మరి రోజూ కూర్చుని చేసేదేంటి?"

"ఆ ఓడ తీసుకెళ్లి సరుకులు దించొస్తాడు. మళ్లీ తీసుకెళ్తాడు. కుళ్లంటే నాకుండాలక్కా, నీకు కాదు. రెండేళ్లు కష్టపడి రాశా, నా సైన్యం వైపు తొంగి కూడా చూడడు."

"...తోకనా? నాన్నా?"

"మొదటి రోజు అది పేలిపోయింది. కుర్చీ వెనక్కి నెట్టి నా దగ్గరికొచ్చాడు. 'అక్కకి ఫోన్ కలపవే, ఒక్కసారి దాని గొంతు వింటాను' అన్నాడు."