మూడు పెట్టెలూ ఒప్పుకున్నాయి

పి.గన్నవరం దిగువన, మురుగుకాలువ మీద వరసగా ఉన్న మూడు స్లూయిజుల్లో నడిమిది. నీటిమట్టం చూసి, ఒకదానితో ఒకటి సిగ్నల్‌లో మాట్లాడుకుని తలుపులెత్తే పెట్టెలు మూడింటికీ బిగించిన ఇంజనీరు లిడియా, అక్కడ తలుపులు కాసే లస్కరు లోవరాజు.

"అయితే యాంటెన్నాని కొబ్బరిచెట్టెక్కించింది మీరేనా?"

"ఆయ్."

"ఎవరు చెప్పేరు మీకు?"

"ఎవరూ చెప్పలేదండీ. ఇక్కడ ఫోను కూడా చెట్టెక్కితేనే పలుకుద్ది. పెట్టెకీ అంతేననుకున్నా."

"మూడ్రోజులు మా ఆఫీసంతా తలలు పట్టుక్కూర్చుందండీ! పై పెట్టె నీళ్లు పెరిగేయి, తలుపులు ఎత్తుదామంటోంది. కింది పెట్టె సరేనంటోంది. మీ నడిమిది ఉలకదు, పలకదు. మూడూ ఒకమాట మీదకొస్తే గానీ తలుపులు లేవవు కదా!"

"లేవవండీ. అందరికీ తెల్సు."

"ఇంకో పూటయితే చేలన్నీ మునిగిపోయేవి. నిన్న సాయంత్రం..."

"నాలుగుంబావుకండీ."

"ఆఁ, నాలుగుంబావుకి ఒక్క నిమిషం సిగ్నలొచ్చింది. ఒక్క నిమిషం! మూడూ ఒప్పుకున్నాయి, తలుపులన్నీ ఒకేసారి లేచేయి. మీకు సన్మానం చెయ్యాలంటున్నారు మావాళ్లు."

"వద్దండీ."

"మొహమాటమా? పోనీ ఒక్క ఫొటో. కింది స్లూయిజు లస్కరు సత్యంగారు కదూ? ఆయన్నీ పిలవండి."

"మా బావమరిదండీ."

"మరీ మంచిది. ఫోన్ చెయ్యండి."

"చేసేనండీ నిన్న. చెట్టుమీంచే చేసేను. తలుపులు లేచేయిరా అని చెబుదామని."

"ఏవన్నారు?"

"మోగింది. ఎత్తలేదు."

"ఇప్పుడు చెయ్యండి మరి."

"వాడి ఫోను నా దగ్గరే ఉందండీ. గట్టుమీద, చొక్కాలో దొరికింది."

"చొక్కాలోనా? మరి... ఆయన?"

"కింద తలుపుల ముందు గుర్రపుడెక్క పేరుకుపోయిందండీ. నీ పెట్టె ఎలాగూ పలకట్లేదు కదా బావా, తలుపులేం లేస్తాయి, దిగి లాగేస్తానన్నాడు."

"లోవరాజుగారూ... కాలవలో తిరుగుతున్న ఆ పడవలు డెక్క తీస్తున్నాయనుకున్నాను."

"సత్యం కోసమండీ. రాత్రంతా వెతికేరు. మా ఆవిడ గట్టుమీంచి లేవట్లేదు. నాకు ఏడుపూ రావట్లేదు."

"అయ్యో... కూర్చోండి. మీరు కూర్చోండి ముందు."

"పర్లేదండీ. ఫొటో అన్నారు."

"ఫొటో ఎందుకండీ ఇప్పుడు! మీ తప్పేం లేదు. నీళ్లలో మనిషున్నాడని పెట్టెలకేం తెల్సు? మీకు మాత్రం ఏం తెల్సు?"

"నాకు తెల్సండీ. సాయంత్రం దిగుతానని పొద్దున్నే చెప్పేడు. చెట్టెక్కుతానని నేనే వాడికి చెప్పలేదు."