అంచు పట్టుకున్నది నేను

అబ్బే, ఆ మాట నా చేత అనిపించకు నాయనా. "వాడుకకు ఎంతో సౌకర్యంగా ఉంది" అట! ఎవరు రాసిచ్చారు నీకా వాక్యం, మీ ఆఫీసులో అమ్మకాల వాళ్ళా? నా నోట్లో అది ఇమడదు.

కూర్చో. ఆ మంచం మీదే కూర్చో, ఫర్వాలేదు. మీ అన్నయ్య పోయాక దాని మీద ఎవరూ కూర్చోవడం లేదు. అందరికీ ఏదో బెరుకు. మంచమే కదా!

రేపు నన్ను మీ పెద్దసార్ల ముందు మాట్లాడమంటావు. నువ్వు చేసిన ఈ చుట్టిపెట్టే కంప్యూటరు బజార్లోకి పంపాలా వద్దా అన్నది రేపే తేలుస్తారంటావు. మంచాన పడ్డ మనిషి దీన్ని వాడి చూసిన ఇల్లు మనదొక్కటే గనక, వదిన వచ్చి నాలుగు మంచి మాటలు చెబితే నీ ఇన్నేళ్ళ కష్టం గట్టెక్కుతుందంటావు. అర్థమైందయ్యా. అన్నీ అర్థమవుతూనే ఉన్నాయి. ఏదీ లోపలికి దిగడం లేదంతే. కాలికి తిమ్మిరెక్కినట్టు మనసుకీ ఎక్కుతుంది కాబోలు.

నువ్వు దాన్ని తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చంకలో గొడుగు ఇరికించుకుని వచ్చినట్టు వచ్చావు. విప్పి పరిస్తే పల్చగా, మెత్తగా, దుప్పటి మీద ఇంకో దుప్పటిలా ఉంది. అప్పటికి ఆయనకి మాటా, కుడిచెయ్యీ పడిపోయి ఎన్నాళ్ళో కాలేదు. మామూలు కంప్యూటరు బరువు గుండె మొయ్యలేదు, ఇది తేలిగ్గా ఆనుతుందన్నావు. నిజమే, ఆనింది. ఆ ముక్క రేపు తప్పకుండా చెబుతాను. దేవుడి ఎదుట నిలబెట్టినా చెబుతాను.

బస్సు కండక్టరు గొంతు కదూ ఆయనది! వీధి మలుపులో ఎవరినైనా పలకరిస్తే నాకు వంటింట్లో వినిపించేది. ఆ గొంతు పోయాక, ఎడమచేతి వేలితో ఆయన కొట్టిన మొదటి మాట ఏమిటో తెలుసా? మంచం చుట్టూ మూగిన చుట్టాలని చూసి, "ముందుకు జరగండి, తలుపు దగ్గర నిలబడకండి" అని! మీ అక్క ఏడుస్తూ నవ్వింది. నిన్నూ వదల్లేదులే. నువ్వటు వెళ్ళగానే, "వీడు కంప్యూటరు చేశాడా, చాప నేశాడా?" అని కొట్టాడు.

చాపే నాయనా. ఎంత పరిచినా మళ్ళీ చుట్టుకుపోయేది. మీ ఆఫీసు బల్ల మీద బుద్ధిగానే పడుంటుందేమో. గుండె బల్లా? ఊపిరి తీస్తే లేస్తుంది, దగ్గితే అదురుతుంది. ఒక చెయ్యి పట్టుకోవాలి, ఒక చెయ్యి కొట్టాలి. ఆయనకి మిగిలిందే ఒకటి.

అందుకని పక్కన కూర్చుని అంచు నేను పట్టుకునేదాన్ని. ఓ మూల నా ప్రార్థన పుస్తకం, ఓ మూల ఆయన కళ్ళజోడు పెట్టె పెట్టి చూశాను. జారిపోయేవి. నువ్వు క్లిప్పులు తెచ్చావు. దుప్పటికి తగిలిస్తే దుప్పటి కూడా చుట్టుకుంది! నవ్వినా ఫర్వాలేదు, ఆయనా నవ్వాడు.

నేను పక్కన లేకపోతే ఆయనకి మాట లేదన్నమాట. నా మీద మీ అక్కకి చాడీలు చెప్పాలన్నా, అంచు నేనే పట్టుకోవాలి.

చివరికి కూరగాయలు తరిగే చెక్కపలక తెచ్చి దాని కింద పెట్టాను. చుట్టూ నీ క్లిప్పులే బిగించాను. కుదిరింది. బరువే, అయినా ఓర్చుకున్నాడు. అప్పట్నుంచి నేను స్నానానికి వెళ్ళగలిగాను, దేవుడి దగ్గర కాసేపు కూర్చోగలిగాను. ఏం కావాలన్నా అందులో గంట బొమ్మ నొక్కితే ఇల్లంతా మోగేది కదా.

పలక సంగతి తెలీదా? నీకెలా తెలుస్తుంది! ఆదివారం నీ బండి చప్పుడు వినగానే పలక తీసెయ్యమని సైగ చేసేవాడు. దాన్ని మంచం కిందకి తోసేసి నేను అంచు పట్టుకునేదాన్ని. "ఎలా ఉంది అన్నయ్యా, వీలుగా ఉందా?" అని నువ్వడిగేవాడివి. "బాగుంది" అని ఆయన కొట్టేవాడు. నువ్వు ఫొటో తీసుకుని మురిసిపోతూ వెళ్ళేవాడివి. ఆ ఫొటోల్లో ఓ పక్కన నా వేళ్ళుంటాయి చూడు. అవెవరివని మీ సార్లలో ఒక్కరూ అడగలేదా?

చిన్నప్పుడు మీ నాన్నగారి రేడియో నువ్వు విప్పి పాడుచేస్తే, "నా చేతిలోంచి జారింది" అని మీ అన్నయ్య దెబ్బలు తిన్నాడట. అత్తయ్య చెప్పేవారు. నీకు గుర్తుందో లేదో. ఇలాంటివన్నీ నా దగ్గరే ఉండిపోయాయి, నేను పుట్టిన ఇల్లు కాకపోయినా.

ఆ రోజా... ఆ రోజు మీ సార్లని వెంటబెట్టుకుని వస్తున్నానని ఫోను చేశావు. ఆయనకి గడ్డం గీశాను, ఇస్త్రీ చొక్కా తొడిగాను. మీరు రావడానికి ఇంకా టైముందిలే అని దేవుడి దగ్గర కూర్చున్నాను. లేచి వచ్చేసరికి అది పక్కకి దొర్లి చుట్టుకుపోయి ఉంది. ఆయన చెయ్యి అందులోనే ఉంది, మణికట్టు దాకా. గంట బొమ్మ లోపలెక్కడో ఉండిపోయింది.

మెల్లగా విప్పి, చెయ్యి బయటికి తీసి, దుప్పటి కప్పాను. ఆ తర్వాత మీరొచ్చారు.

గంట మోగి ఉంటే దక్కేవాడా అన్నది డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. దేవుణ్ణి కూడా అడగలేదు. పొద్దున్నే లేస్తున్నాను, దణ్ణం పెట్టుకుంటున్నాను, అంతే.

పలకా? దాని సంగతి అడక్కుండా ఉంటే బాగుండేది.

నేను లేవబోతుంటే కొంగు పట్టుకుని ఆపాడు. ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. "పలక తియ్. వాళ్ళ ముందు తమ్ముడు చిన్నబోతాడు." వాళ్ళు వచ్చేదాకా ఉండనివ్వండి అన్నాను. తల అడ్డంగా ఊపాడు. తీశాను.

ఆయన ఆఖరి మాట అదే. అందరికీ "దేవుడి పేరు రాశాడు" అని చెప్పుకొచ్చాను.

రేపు వస్తాను. ఒంటిచేతి మనిషికి దీన్ని ఇవ్వకండయ్యా అని చెబుతాను. నీ కష్టం గట్టెక్కదు, తెలుసు. నీ మీద కోపంతో కాదు. కోపం రావాలన్నా ఒంట్లో ఏదో ఉండాలి కదా.

అదేమిటి, అలా అయిపోయావు? ఏడువు, ఫర్వాలేదు. నాకు రావడం లేదు. నీకైనా వచ్చింది.