పెట్టె ఆగిన చోట ఒక మనిషి

పంతొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జూన్ మూడో తేదీ, సోమవారం ఉదయం, మా చట్ట ముసాయిదా విభాగంలో సహాయ ముసాయిదాకారిణిగా ఆమె పదవీ బాధ్యతలు స్వీకరించారు. ఆ రోజు ఆమెకు కేటాయించిన గదికి ఒక కిటికీ ఉండేది. ఆ కిటికీకి ఎదురుగా, చేయి చాస్తే అందేంత దూరంలో, పక్క భవనం తాలూకు గోడ ఉండేది. మరొకరైతే గది మార్చమని మర్నాడే అర్జీ పెట్టుకునేవారు. ఆమె మాత్రం కుర్చీని గోడవైపు తిప్పుకొని, అక్కడేదో సముద్రం కనిపిస్తున్నట్టు ప్రశాంతంగా కూర్చున్నారు. ఎదురు టేబుల్ నాది. ఆ నాటి నుంచి ఈ నెలాఖరు దాకా, మధ్యలో వచ్చిన ఒక ఎడబాటు మినహా, ఎదురు టేబుల్ నాదే. ఆమె నన్ను పేరుతో పిలిచిన సందర్భాలు తక్కువ. ‘ఎదురు టేబుల్ గారూ’ అన్న పిలుపుకే నేను పలుకుతాను. కనుక ఆమె పదవీ విరమణ సందర్భంగా తెస్తున్న ఈ అభినందన సంచికలో ఆమెను గురించి రాసే హక్కు నాదేనని, సంపాదకవర్గం అడగక ముందే నిర్ణయించుకున్నాను.

చేరిన కొత్తలో ఆమెకు అప్పగించినవి చిన్న చిన్న చట్టాలు: తూనికలు, పాల శీతలీకరణ, బస్టాండ్ల నిర్వహణ. పాల చట్టం రాస్తున్న రోజుల్లోనే ఆమె పనితీరు మాకు మొదటిసారి తెలిసింది. మధ్యాహ్నం అందరూ ఫైళ్లతో కుస్తీ పడుతుండగా, ఆమె రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని కళ్లు మూసుకొని ఉన్నారు. అప్పటి మా అధిపతి, మేమంతా ‘పెద్దాయన’ అని పిలుచుకునే వ్యక్తి, గుమ్మంలో ఆగి చూశారు.

“ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉందండి. పాల క్యానుతో పాటు వెళ్తున్నాను.”

పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించారు. “ఎక్కడిదాకా వెళ్లావ్?”

“లారీ దిగి, ప్లాట్‌ఫాం మీదికి వచ్చానండి. ఎండగా ఉంది. ఇక్కడ ఎవరూ లేరండి.”

అంటే, లారీ డ్రైవరు బాధ్యత ముగిసింది, శీతల కేంద్రం వారి బాధ్యత ఇంకా మొదలుకాలేదు. నడుమ ఆ పాలు ఎవరివీ కావు. మేము రాసిన ముసాయిదాలో ఆ ప్లాట్‌ఫాం ఊసే లేదు. పెద్దాయన ఆ రోజే మా అందరికీ చెప్పారు: ఈవిడ కళ్లు మూసుకుని ఉన్నప్పుడు ఎవరూ పలకరించకూడదని. నాటి నుంచి ఆమె మాకు ‘ప్రయాణం మేడమ్’ అయ్యారు. నిజానికి పార్కు చెరువులో తెడ్డు పడవ ఎక్కినా కడుపులో తిప్పే మనిషి. బల్ల ముందు కూర్చుని మాత్రం ఎన్ని దేశాలు తిరిగారో చెప్పలేం. ‘ఇక్కడ ఎవరూ లేరండి’ అన్న ఆమె మాట మా కార్యాలయంలో ఊతపదమైపోయింది. క్యాంటీన్ కౌంటర్ ఖాళీగా ఉన్నా, సంతకం పెట్టాల్సిన అధికారి సీట్లో లేకపోయినా, అదే మాట అని నవ్వుకునేవాళ్లం.

వారమ్మాయి ఈ వ్యాసం కోసం నాకు చెప్పిన సంగతి ఒకటి ఇక్కడ చేర్చాలి. “అమ్మ బస్సులో కూడా కళ్లు మూసుకుంటుంది అంకుల్. మా స్టాపు దాటిపోయాక తెరుస్తుంది. చిన్నప్పుడు నేను మూడుసార్లు స్కూలు ఎగ్గొట్టింది అమ్మ పుణ్యమే.”

ఉప ముసాయిదాకారిణిగా, ఆపై సంయుక్త ముసాయిదాకారిణిగా ఆమె ఎదిగిన క్రమాన్ని సేవా పుస్తకం చెబుతుంది గనుక నేను చెప్పను. ఆమె వృత్తిజీవితానికి నడిబొడ్డు అనదగిన కాలం, మన దేశం ఆయుధాల అంతర్జాతీయ వాణిజ్యాన్ని అదుపుచేసే ఒప్పందంలో చేరిన తర్వాత మొదలైంది. ఒప్పందాలు ఎత్తైన చోట కూర్చుని మాట్లాడతాయి. మారణకాండకు ఉపయోగపడతాయని తెలిసిన ఆయుధాలను సాగనంపరాదని అంటాయి. ఎవరు, ఏ గేటు దగ్గర, ఏ అధికారంతో ఆపాలన్నది ఏ దేశానికా దేశం సొంత చట్టంలో రాసుకోవాలి. ఆ రాసే పని మేడమ్ గారి బల్ల మీదికి వచ్చింది. ఆనాటి నుంచి ఆమె కళ్లు మూసుకుంటే ఒక చెక్కపెట్టె కదిలేది. కర్మాగారం నుంచి లారీలోకి, లారీ నుంచి రేవులోకి, రేవు నుంచి ఓడలోకి, ఎన్నో సముద్రాలు దాటి, చివరికి ఎవరో ఒకరి చేతుల్లోకి. ఆమె కళ్లు మూసుకున్న ఆ మధ్యాహ్నాల్లో, ఆ గోడ ఎదుటి గదిలో ఉప్పుగాలి వీస్తోందని నాకు అనిపించేది. నాకు అలాంటివి సాధారణంగా అనిపించవు.

తొలి ముసాయిదాను ప్రజాభిప్రాయం కోసం బహిరంగ విచారణకు పెట్టారు. హాలు కిక్కిరిసింది. వర్తకులు మాట్లాడారు, న్యాయవాదులు మాట్లాడారు, మాజీ సైనికుడొకరు చాలాసేపు మాట్లాడారు. చివరి వరుసలోంచి మెడలో ఈల వేసుకున్న ఒక వ్యాయామోపాధ్యాయులు లేచారు. వేదిక మీద మేడమ్ గారి ముఖంలో రంగులు మారడం నేను పక్కనుంచి చూశాను. ఆయన ఆమె భర్త.

“మేడమ్ గారూ, నాదొక చిన్న మనవి. మీ నిర్వచనం రెండుసార్లు చదివాను. మందు దట్టించి, ట్రిగ్గర్ నొక్కితే పేలే ప్రతిదీ ఆయుధమే అన్నారు. మరి పరుగుపందెం మొదలుపెట్టడానికి మా స్కూల్లో ఒక పిస్తోలు ఉందండి. చప్పుడు తప్ప ఏమీ రాదు. చట్టం వచ్చిన రోజు నన్ను తీసుకెళ్తారా, లేక స్పోర్ట్స్ డే అయ్యేదాకా ఆగుతారా?”

హాలంతా గొల్లుమంది. మేడమ్ గారు మైకు దగ్గరికి జరిగారు. “ఈల ఊదితే సరిపోదాండి?”

“సగం మందికి వినపడదండి. మిగతా సగం ముందే పరుగెత్తేస్తారు.”

“మీ ఆక్షేపణ నమోదు చేసుకున్నాం. మిగతాది ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం.”

దేశదేశాల ఆయుధాలను ఒక్క వాక్యంలో పట్టుకోవాలన్న తపనలో, సొంత భర్త స్కూల్లో ఉన్న పిస్తోలు ఆ వాక్యంలో చిక్కుకున్న సంగతి ఆమె గమనించలేదు. మర్నాడే నిర్వచనం మారింది. చప్పుడు పిస్తోళ్లను మినహాయించిన ఆ ఉపనిబంధనను మేము ఈనాటికీ ‘మాస్టారి సెక్షన్’ అనే అంటాం.

అసలు పోరాటం వేరే సెక్షన్ మీద జరిగింది. మన రేవులో దిగి, మన నేల మీద కొన్ని రోజులు ఆగి, మరో ఓడెక్కి మరో దేశానికి వెళ్లిపోయే సరుకు ఉంటుంది. అది మనం కొన్నది కాదు, అమ్మినదీ కాదు. అలాంటి సరుకునూ తనిఖీ చేయాలని మేడమ్ గారు ఒక సెక్షన్ రాశారు. స్థాయీ సంఘం సమావేశంలో దాన్ని అందరికన్నా గట్టిగా వ్యతిరేకించినవారు రేవు కస్టమ్స్ అధికారి. ముక్కుసూటి మనిషి. “రేవులోకి వచ్చే ప్రతి డబ్బా తెరవమంటే మా వల్ల కాదండి. మనది కాని పెట్టె మన దగ్గర ఒక కునుకు తీసి వెళ్లిపోతుంది. దాన్ని లేపి మరీ గొడవ తెచ్చుకోవడం ఎందుకు?” అన్నారు. వాణిజ్య శాఖవారు తలలూపారు. ఆ చర్చ సాగుతుండగా మేడమ్ గారు కళ్లు మూసుకున్నారు.

“మేడమ్ గారికి నిద్ర వస్తున్నట్టుంది” అన్నారు సంఘం కార్యదర్శి, కాస్త కటువుగానే.

“లేదండి. పెట్టెతో పాటు వచ్చాను. మన రేవులోనే ఉన్నాను.” ఆమె కళ్లు తెరవలేదు. “పంపినవాళ్లు చేతులు దులుపుకున్నారు. తీసుకునేవాళ్లు ఇంకా దూరంగా ఉన్నారు. ఇక్కడ ఎవరూ లేరండి.”

మా గదిలో మేము నవ్వుకునే ఆ మాటకు అక్కడ ఎవరూ నవ్వలేదు. సెక్షన్ తొలగించారు. అది లేకుండా బిల్లు సభకు వెళ్లడం సబబు కాదని ఆమె మర్యాదగా, పదే పదే చెప్పారు. అలా చెప్పినందుకు పాత చట్టాల రద్దు విభాగానికి, కింది అంతస్తుకు బదిలీ అయ్యారు. బిల్లు చట్టమైంది, చప్పట్లు మోగాయి, ఆమె టీ కప్పు మాత్రం నా ఎదుట నుంచి కిందికి వెళ్లిపోయింది. అభినందన సంచికలో రాయదగిన మాట కాకపోయినా రాస్తున్నాను: నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. ఆమెకు కోపం రాలేదు, బెంగ పట్టుకుంది. భోజనాల వేళ కలిసినప్పుడు, “ఆ పెట్టె ఇంకా అక్కడే ఆగి ఉంది ఎదురు టేబుల్ గారూ, నేను దాటలేకపోతున్నాను” అనేవారు. తాను పదవిలో ఉండగా ఆ ఖాళీ పూడుతుందా అన్న ఒక్క దిగులు తప్ప ఆ ఏళ్లలో ఆమె నోట మరో ఫిర్యాదు నేను వినలేదు.

కొన్నేళ్లకు ఒక వానాకాలం సాయంత్రం, గొడుగు మడుస్తూ, ఆ కస్టమ్స్ అధికారే మా భవనం కింది అంతస్తుకు వెతుక్కుంటూ వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. ఆయన కూర్చోలేదు.

“మేడమ్, కుట్టుమిషన్ విడిభాగాలని రాసి ఒక పెట్టె వచ్చిందండి. అవి తుపాకీ భాగాలని, అవి వెళ్తున్న చోట ఊళ్లకు ఊళ్లే తగలబెడుతున్నారని మాకు ముందే కబురొచ్చింది. ఆపడానికి నా చేతిలో చట్టం లేదు. క్రేన్ ఎత్తుతుంటే పక్కనే నిలబడి చూశాను. వెళ్లిపోయిందండి.”

నేనైతే ఆనాటి సమావేశం గుర్తుచేసి నాలుగు దులిపేవాణ్ణి. ఆమె ఆయన ముఖంలోకి చూసి, “భోంచేశారా మీరు?” అని అడిగారు. ఆయన చేయలేదట. తన డబ్బాలో మిగిలింది ఆయనకు పెట్టి, తిన్నాక అన్నారు: “ఇప్పుడు నేను కళ్లు మూసుకుంటాను. పెట్టె ఓడ దిగింది. ఏం జరుగుతుందో మీరు చెప్పండి.”

ఆయన చెబుతూ పోయారు. వాన కురుస్తూనే ఉంది. ఆమె ఒకటే రేవు అనుకున్న చోట నాలుగు చోట్లు ఉన్నాయని ఆ సాయంత్రం తెలిసింది: ఓడ పక్క గట్టు, పెట్టెలు పేర్చే ఆవరణ, తాళం వేసే గిడ్డంగి, మళ్లీ ఎక్కించే గట్టు. ఒక్కో చోటికి ఒక్కో యజమాని. ప్రతి పెట్టె తెరవడం కుదరదన్న ఆయన పాత మాటలో నిజముందని ఆమె ఒప్పుకున్నారు. నమ్మదగిన సమాచారం ఉన్నప్పుడే ఆపాలి, ఆపిన పెట్టెను గడువులోగా తేల్చాలి, రెండు వైపుల దేశాలకూ తెలియజేయాలి, అంతవరకు దానికి ఫలానా అధికారి అని పేరు రాసి ఒకరిని బాధ్యుణ్ణి చేయాలి. కొట్టేసిన సెక్షన్ కన్నా ఇలా రాసుకున్న ఈ కొత్తది మేలైనదని ఆమే నాతో అన్నారు. వ్యతిరేకించినవారే ఈసారి సవరణ కోసం పై అధికారుల చుట్టూ తిరిగారు. మేడమ్ గారిని సగౌరవంగా పై అంతస్తుకు పిలిచారు. టీ కప్పు నా ఎదుటికి తిరిగి వచ్చింది.

సవరణ బిల్లు మాత్రం నత్తనడక నడిచింది. ఒక విడత సమావేశాల నుంచి మరో విడతకు వాయిదా పడుతూ, ఆమె పదవీ విరమణ దగ్గరపడుతున్నా తేలలేదు. సభ రద్దయితే బిల్లు కూడా మురిగిపోతుంది, మళ్లీ మొదటినుంచి ఎవరు ఎత్తుకుంటారో తెలియదు. పైకి నిబ్బరంగా ఉన్నా, ఆ రోజుల్లో ఆమె కళ్లు మూసుకోవడం మానేశారు. నన్ను అన్నిటికన్నా భయపెట్టింది అదే. చివరికి ఆఖరి సమావేశాల ఆఖరి వారంలో, పెద్దగా చర్చ లేకుండానే, బిల్లు గట్టెక్కింది. గెజిట్ ప్రతి చేతికి వచ్చిన రోజు ఆమె దాన్ని చదవలేదు. కుర్చీని గోడవైపు తిప్పుకొని చాలాసేపు కూర్చున్నారు.

ఇక నేను చెప్పదలచుకున్నది గత వారం జరిగింది. మేమంతా ఆమె అలమరలు సర్దుతున్నాం. ఫోన్ మోగింది. ఆమె రెండు చేతులూ దుమ్ముగా ఉండటంతో స్పీకరు నొక్కింది నేనే. కస్టమ్స్ అధికారి గొంతు.

“మేడమ్, ఒకసారి కళ్లు మూసుకోండి.”

ఆమె చేతిలో గుడ్డతోనే కూర్చున్నారు. “మూసుకున్నానండి.”

“ఒక పెట్టె దిగింది. నీటి పంపుల సామాను అని రాసుంది. కాదని కబురు ముందే వచ్చింది. గట్టు దాటింది, ఆవరణ దాటింది, గిడ్డంగిలో పెట్టించాను. తాళం వేశాం. రెండు దేశాలకూ తెలియజేశాం. మధ్యాహ్నం ఓడ అది లేకుండానే వెళ్లిపోయింది. ఇక్కడ నేనున్నానండి.”

ఆమె వెంటనే కళ్లు తెరవలేదు. పెద్దాయన ఎన్నడో పెట్టిన నియమం గుర్తుండి, మేమెవరమూ పలకరించలేదు. కొంతసేపటికి, “అయితే ఇక నేను వెళ్లొచ్చు” అన్నారు.

మేడమ్ గారూ, వెళ్లిరండి. మాస్టారు రెండు ఓడ టికెట్లు కొన్నారని, మీ కడుపు సంగతి తెలిసీ కొన్నారని విన్నాం. ఆ సముద్రం మీపట్ల మెత్తగా ఉండుగాక. మీ ఒంట్లో సత్తువ, మీ కళ్లలో ఆ కల, ఏళ్లు గడిచేకొద్దీ తరగకుండుగాక. దూరతీరాలన్నీ కళ్లు తెరుచుకునే చూసి, నిండు ఆయుష్షుతో మీవారి నడుమ హాయిగా ఉందురుగాక. దారిలో మీరు ఏ రేవులో ఆగినా, ఏ గట్టు మీద దిగినా, మీకు ఎదురు వచ్చి ‘ఇక్కడ నేనున్నానండి’ అనే మనిషి ఒకరు ఉందురుగాక. ఇక్కడికి ఎప్పుడు వచ్చినా సరే, ఎదురు టేబుల్ దగ్గర నేనుంటాను.