మొదటి వరుసలో కుర్చీ

మెదడు క్షీణించే జబ్బుల వైద్యం మీద అంతర్జాతీయ సదస్సు. వేదిక వెనక గదిలో పెద్ద డాక్టరు, ఆయన శిష్యురాలు.

“హాలు నిండిందా అమ్మాయ్?”

“నిండింది సార్. తర్వాత మీరే మాట్లాడాలి.”

“మన జబ్బుకి మందికి కొదవ లేదు, మందుకే కొదవ!”

“ఈ మాట కాఫీ దగ్గరా అన్నారు సార్. లిఫ్టులోనూ అన్నారు.”

“నవ్వావా?”

“ప్రతిసారీ నవ్వాను.”

“ఎప్పటినుంచి కనిపెడుతున్నావు?”

“ఏడాదిగా. చెప్పడానికి నోరు రాలేదు.”

“రోగుల్లో పట్టేవాణ్ణి, నాలో పట్టలేనా? దాచి దాచి అలిసిపోయానమ్మా. నా ఉపన్యాసం నువ్వే చదివెయ్.”

“మరి మీరు?”

“మొదటి వరుసలో కూర్చుంటా. చెయ్యెత్తి ప్రశ్న అడిగితే జవాబు చెప్పు. అదే ప్రశ్న మళ్ళీ అడిగినా, అప్పుడే విన్నట్టు చెప్పు.”