ఉదయం ఎనిమిది గంటల పసుపు రంగు

1968 జూలై ఒకటవ తేదీన మన ఆసుపత్రి ప్రయోగశాలలో సహాయకురాలిగా చేరిన శ్రీమతి ఎమిలీ గారు, ముప్పై అయిదేళ్ల సేవ ముగించి, ఈ జూన్ ముప్పైన ప్రధాన టెక్నీషియన్‌గా పదవీ విరమణ చేస్తున్నారు.

బోయిగూడ నుంచి నడిచి వచ్చి సరిగ్గా ఎనిమిదింటికి మొదటి పరీక్ష చేయడం ఆమె నియమం. ఎనభైలలో ఎంజైముల పరీక్షలు ఆమె బాధ్యతలోకి వచ్చాయి. వాటిలో యాసిడ్ ఫాస్ఫటేస్ ఒకటి. ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టే ఈ ఎంజైము, అక్కడి క్యాన్సర్ ఎముకలకు పాకితే రక్తంలో పెరుగుతుంది. చికిత్స పనిచేస్తే తగ్గుతుంది. అది ఎంత ఎక్కువుంటే పరీక్షనాళికలో పసుపు రంగు అంత చిక్కగా తేలుతుంది. అయితే రక్తం నుంచి వేరుచేసిన సీరంలో ఒక చుక్క ఆమ్లం కలపకపోతే ఎంజైము గంటల్లోనే నిర్వీర్యమవుతుంది. ఊరంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వెలసి, ప్రయోగశాలకూ కొత్త యంత్రాలు వచ్చిన తర్వాత కూడా ఆ చుక్కను ఎమిలీ గారే వేసేవారు.

2001 వేసవిలో ప్రయోగశాలలోనే ఆమె సహోద్యోగి నరసరాజు గారికి ఆ వ్యాధి బయటపడింది. శస్త్రచికిత్స జరిగింది, మందులు మొదలయ్యాయి. డిసెంబరులో, ఎమిలీ గారు క్రిస్మస్ సెలవులో ఉండగా, ఎంజైము అంకె మామూలు స్థాయికి దిగింది. ఆయన అందరికీ మైసూర్‌పాక్ పంచారు. సెలవు నుంచి వచ్చిన ఎమిలీ గారు ముట్టలేదు.

"అన్నా, మొన్న చుక్క ఎవరేసిన్రు?"

"ఏమో, గుర్తులేదమ్మా. మైసూర్‌పాక్ చేదుగా ఉందేటి, తినవేం?"

"జెర చెయ్యి ఇయ్యి. తర్వాత తింట."

మళ్లీ తీసిన రక్తంలో పసుపు చిక్కగా తేలింది. ఎంజైము చచ్చింది నాళికలోనే; ఆయన ఒంట్లో బతికే ఉంది. వెంటనే మందులు మార్చడంతో ఆయనకు మరో ఏడాది పైగా దక్కింది.

యంత్రం సరిగా ఉందో లేదో చూడడానికి, అంకె ముందే తెలిసిన సీరం రోజూ కొంత కావాలి. "నా రక్తంలో బోలెడుంది కదమ్మా, మిగిలింది పారబొయ్యకు" అన్నారు నరసరాజు గారు ఈ జనవరిలో. ఎమిలీ గారు దాన్ని ఆమ్లపు చుక్కతో చిన్న సీసాల్లో పోసి డీప్ ఫ్రిజ్‌లో దాచారు.

మార్చిలో ఆయన పోయారు. మరునాడు ఎనిమిదింటికి ఆమె ఒక సీసా కరిగించి పరీక్షించారు. ముందురోజు అంకే వచ్చింది. ఆమె దాన్ని రిజిస్టరులో రాశారు.

పన్నెండు రోజులయ్యాక, ఆయన కోటూ కళ్లజోడూ తీసుకెళ్లడానికి భార్య కామాక్షి వచ్చారు. ఎమిలీ గారు సీసాల సంగతి దాచలేదు.

"వదినా, అన్న ఇంకా డ్యూటీ చేస్తనే ఉన్నడు. నువ్వు వద్దంటే ఇయ్యాల్నే పారబోస్త."

కామాక్షి కోటు మడిచి బల్ల మీద పెట్టారు. తర్వాత, "ఒకసారి చూపించండి" అన్నారు.

చివరి ద్రావకం పోయగానే, నీళ్లలా ఉన్నది పసుపెక్కింది. ఒంటి వేడికి సమానమైన నీళ్లలోంచి తీసిన ఆ నాళికను ఎమిలీ గారు ఆమె చేతికిచ్చారు. వెచ్చగా ఉంది. చల్లబడేదాకా ఆమె దాన్ని వదల్లేదు.

"ఉండనివ్వండి. ఎనిమిదింటికి రాకపోతే ఆయనకు తోచదు."

ఇప్పుడు ఒక్క సీసా మిగిలింది. జూన్ ముప్పై ఉదయం ఎమిలీ గారు దాన్ని కరిగిస్తారు. ఆనాడు ఇద్దరూ కలిసే విధుల నుంచి తప్పుకుంటారు.

జూలై ఒకటిన, ఎనిమిది గంటలకు, ఎమిలీ గారు బోయిగూడలో తమ ఇంటి గుమ్మంలో తీరిగ్గా టీ తాగుతుండాలనీ, అలాంటి ఉదయాలు ఆరోగ్యంతో, ఆయుష్షుతో ఇంకా ఎన్నో ఏళ్లు ఆమెకు దక్కాలనీ ప్రార్థన.

ప్రయోగశాల మిత్రుల కోరికపై,
కామాక్షి, ఉపాధ్యాయిని, మెట్టుగూడ