అగ్గిపెట్టెల ఆరుద్ర పురుగు

"అవ్వా, ఆరుద్ర పురుగు ఎట్లుంటదే?" అంటవా? నల్గొండల గంత పెద్ద కాలేజిల సదువుతున్నవు, గది గూడ చెప్పలేరా మీ సార్లు? సరే, రికార్డు చేస్తనంటివి గదా, ఫోను జర దగ్గర పెట్టు, నా గొంతు మంచిగ రావాలె.

గొర్రెపిల్లంత ఉండేది బిడ్డా. నవ్వకు. సరే, గొర్రెపిల్లంత కాదు, రేగుపండంత. ఎర్రగ, మకమల్ గుడ్డ తీర్గ మెత్తగ. ఆరుద్ర కార్తెల వాన పడ్డదంటే మన చెల్కకు ఎర్రచీర కట్టినట్టుండేది, అడుగు పెట్ట జాగ దొరకకపోయేది. మీ తాత వాటిని తొక్కొద్దని దాటుకుంట దాటుకుంట పోయి ఆముదం చేన్ల బొక్కబోర్ల పడ్డడు. మూడు దినాలు లేవలే... కాదు, ఒక పూట. సంతల ఎనిమిది రూపాయలు పెట్టి కొన్న కొత్త ధోతి, మొత్తం మట్టి. ఏం చెప్తున్న? ఆ, పురుగు.

గవి కనవడ్డంకనే ఇత్తనం. మా అత్త చెప్పిన మాట, ఆమెకు ఆమె అత్త చెప్పింది. మొగులు ఎంత నల్లగున్నా, పురుగు భూమిల నుంచి రాందే సంచి మూతి ఇప్పకపోతుండె. ఇంట్ల పెద్దదాన్ని గాబట్టి తొలి పిడికెడు నా చేతుల నుంచే పడాలె. ఊరంత నన్నే అడుగుతుండె. తహసిల్దారు గూడ అడిగిండు... లే, గది ఉత్తగ అంటున్న.

తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు, నువ్వు హాస్టల్ల ఉంటివి, రోహిణి కార్తెల కొట్టింది వాన. రోండ్లు పగిలే ఎండలుండాల్సిన దినాలల్ల. రెండు దినాలు మొగులుకు చిల్లు పడ్డట్టు. మూడోనాడు పొద్దుగాల చెల్కల చూస్తె పురుగులు. చిన్నపిల్ల తీర్గ చప్పట్లు కొట్టిన. మీ నాయిన ఫోన్ల చూసి, గిది మిరుగం కార్తె వాన కాదే అమ్మా, పది దినాలు ఆగుదాం అన్నడు.

"ఫోను అబద్ధం చెప్తదేమో గని పురుగు చెప్పదు కొడుకా. పెట్టు" అన్న.

పత్తి పెట్టిండు. నన్ను చూసి పక్క చెల్కలోళ్లు గూడ పెట్టిన్రు. మొలకలు రెండాకులేసినయి. గంతే, మల్ల మొగులే లేదు. మిరుగం పోయె, ఆరుద్ర పోయె. బోరు గాలి పోసింది. చెర్వు గుంతల నీళ్లు కుండతోని మోసి మొలక మొలకకు పోసిన, వెయ్యి కుండలు. గిది మాత్రం ఎక్కువ చేసి చెప్తలేను. అన్నిట్లకు ముందుగాల నా చేతుల నుంచి పడ్డ ఇత్తనమే మాడింది. ఇగ పునర్వసుల వచ్చిన వాన, అన్నిదినాల వాన ఒక్క పూటల కుమ్మరించి, మన ఎర్రమట్టిని గూడ కొట్టుకపోయింది.

మీ అమ్మ మాడిన మొలకలు పీకి గట్టు మీద కుప్పేసింది. తిట్టినా మంచిగుండు. పక్క చెల్క బుచ్చమ్మ మాత్రం, ఏందే, నీ పురుగేమంటున్నది అని అడిగింది. నవ్విన. ఏం చెయ్యాలె మరి. మీ నాయిన వచ్చి నా పక్కన కూసున్నడు.

"నువ్వేం చేస్తవే అమ్మా. గా పురుగు గూడ మోసపోయింది గదా."

గా మాట నన్ను ఇంకా తింటున్నది. నేనంటే మనిషిని, ఊరికే వాగుతా. ఎన్నడు తప్పని పురుగుకు కార్తె తెల్వకపోయిందంటే ఇంకెవరికి తెలుస్తది? పైకొచ్చి ఎండకు మాడినయి, గుడ్లు పెట్టే యాళ్లన్న దొరికిందో లేదో. గా ఏడాది నుంచి మన చెల్కల ఒక్కటి కనవడలే.

గిప్పుడు ఇత్తనం సంచి గదిగో, గా మూలకున్నది. ఎప్పుడు పెడుదామే అని మీ నాయిన పొద్దున గూడ అడిగిండు. నా మనసు నొచ్చుకుంటదని అడుగుతడు, పాపం. నాకు తెల్వదు బిడ్డా. ఇన్నేండ్లు తెల్సింది, గిప్పుడు తెల్వదు.

ఇగో, గీ అగ్గిపెట్టె పట్టు. గప్పుడు చచ్చిన వాటిల్ల ఒకటి దాసిన. ఎరుపు పోయింది. మెల్లగ, ఊదితే పొడైతది. తీస్కపో. నూరేండ్లు బతుకు తల్లీ, నీ బిడ్డలకు చూపియ్యి. ఎంతుండేదే అంటే గొర్రెపిల్లంత అని చెప్పు. కాదననీకి, చూసినోళ్లు ఎవరుంటరు గప్పుడు...