పొడి దూది

అది కాదక్కా, ఎంత కోపమొస్తే మాత్రం కన్నకూతుర్ని పట్టుకుని అబద్ధాలకోరు అంటావా? అదీ నా క్లినిక్‌లో, బయట బెంచీల మీద అంతమంది కూర్చుని ఉండగా? పదహారేళ్ల పిల్ల, నిన్న తలెత్తలేదు తెలుసా!

ఆఁ ఆఁ, మాట్లాడకు. దవడలో దూది పెట్టాను, కదిలిందంటే నీ పంటికి పెట్టిన సిమెంటు తడిసిపోయి మళ్లీ మొదటికొస్తుంది. కాసేపు నోరు తెరుచుకుని ఉండు, చాలు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ నా మాట నువ్వు అడ్డు రాకుండా విన్నదెప్పుడు గనక!

నీ బాధ నాకు తెలీదనా? పోయింది ముందు పన్నాయె. వారం కింద బుగ్గ కంటిదాకా వాచిపోయి, జ్వరంతో వణుక్కుంటూ వచ్చింది. ఎక్స్‌రే చూస్తే ఏముంది? పన్ను లోపల నరం ఎప్పుడో చచ్చిపోయింది. చీము పట్టి వేరు సగం తినేసింది. పీకక తప్పలేదు. చేతులారా నేనే పీకాను.

"నెలనెలా పరీక్ష చేస్తున్నానన్నావుగా, ఏం చేశావురా?" అని అడిగావు. చేశానే! బాస్కెట్‌బాల్ ఆడుతూ ఆ పన్నుకి దెబ్బ తగిలించుకుందని నువ్వు ముందే చెప్పావు కదా. ఎత్తుపళ్లు సరిచేయడానికి అలాంటి పన్నుకి తీగలు బిగిస్తే ఓ కన్నేసి ఉంచాలి. లోపల నరం బతికుందో లేదో చూడ్డానికి కరెంటు మిషను ఉంది గానీ, తీగ లాగుతున్నన్నాళ్లూ బతికున్న పన్ను కూడా దానికి సరిగ్గా పలకదు. అందుకని దూది మీద చల్లటి స్ప్రే కొట్టి పన్నుకి ఆనిస్తాను. చల్లగా తగిలితే చెయ్యెత్తాలి. అంతే.

అది వచ్చిన ప్రతిసారీ ఎత్తింది. ఠక్కున ఎత్తేది!

ఎందుకెత్తిందంటావా? మొదటిరోజే నేను వేళాకోళమాడాను. "చల్లగా లేదన్నావో, తీగలన్నీ ఊడబీకి ఆ ఎత్తుపళ్లతోనే ఇంటికి పంపిస్తా" అన్నాను. బళ్లో దాన్ని కుందేలూ కుందేలూ అని ఏడిపిస్తున్నారని తెలిసీ అన్నాను. పిల్ల బెదిరిపోదూ? తీగలు ఎక్కడ తీసేస్తానో అని తెలిసినా తెలియకపోయినా చెయ్యెత్తింది. దాని తప్పు అంతవరకే.

అబ్బ, కదలకక్కా. ఇంకా ఉంది.

మా పనిలో ఒక పద్ధతుంది. మధ్యమధ్యలో, చెప్పకుండా, స్ప్రే కొట్టని పొడి దూది ఆనించాలి. దానికీ చెయ్యెత్తారంటే ఆ మనిషి మాట నమ్మకూడదని అర్థం. వచ్చిన ప్రతివాళ్లకీ చేస్తాను. దీనికి మాత్రం, మన పిల్లే కదా, దీనికెందుకులే అని మానేశాను.

ఊహూఁ. చూశావా, ఇప్పుడు కూడా అబద్ధమే వస్తోంది నోట్లోంచి.

చేశాను. ఒకసారి చేశాను. ఏడు నెలల కింద.

పొడి దూది ఆనించాను. చెయ్యెత్తింది. "చల్లగా ఉందా?" అన్నాను. తలూపింది. నా మొహం చూడలేదు, పైన లైటు చూస్తూ ఉండిపోయింది. నాకు అర్థమైంది.

ఆ రోజే తీగలు ఆపి, ఎక్స్‌రే తీసి, లోపల శుభ్రం చేసుంటే పన్ను దక్కేదేమో. దక్కేదేమో ఏమిటి, దక్కేది! మరి ఎందుకు ఆపలేదు? పళ్లు అంత ముచ్చటగా వరసకొస్తున్నాయి. ఆ పై నెలలోనే డాక్టర్ల సభ. తీగలు వేయకముందు ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది అని దాని ఫోటోలు తెర మీద చూపిస్తానని మాటిచ్చేశాను. ఆపితే ఏం చూపించను? దూదికి కాస్త తడి అంటుకుందేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. స్ప్రే డబ్బా ముట్టుకోనే లేదు, తడెక్కడిది?

వెళ్లి చూపించాను. చప్పట్లు కొట్టారక్కా. ఒక పెద్దాయన లేచొచ్చి చెయ్యి కలిపాడు.

ఏడవకు. ముక్కు మూసుకుపోతే ఊపిరాడదు. అయిపోయింది, ఇంకొక్క మాట.

నిన్న నువ్వు దాన్ని కడిగేసి విసవిసా బయటికెళ్లిపోయావా, అది నెమ్మదిగా నా గదిలోకొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది ఇప్పుడు, గమనించావా? "నేను అబద్ధం చెప్పబట్టే కదా నీకు చెడ్డపేరొచ్చింది మావయ్యా. తప్పయిపోయింది, నన్ను క్షమించవూ?" అంది.

గదిలో మేమిద్దరమే. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోటిదాకా వచ్చింది.

తల నిమిరాను. "సర్లే, క్షమించేశాను పో" అన్నాను.